డాక్టర్ పాల్ జాన్సెన్: మా తమ్ముడి మాత్రను తయారు చేసిన మనిషి



ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవిత చరిత్ర రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఆయన మనసులో ఏ స్వాతంత్ర్య సమరయోధుడో, ఏ కవో ఉండి ఉంటారు. వారి గురించి గత సంచికల్లో నాకంటే బాగా రాసినవారు ఉన్నారు. నేను మాత్రం మన లింగాల పేరు కూడా వినని ఒక బెల్జియం డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన మన ఊరికి రాలేదు. ఆయన తయారు చేసిన మాత్ర వచ్చింది. నలభై ఏండ్లకు పైగా మా ఇంట్లో గోడ అలమరలో దేవుడి పటం పక్కన ఉన్నది ఆ మాత్రల డబ్బానే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకుంటే ఈ డాక్టరుతో నాకేం పని అని మీరు అనుకుంటారు.

నా తర్వాత మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఆఖరున తమ్ముడు. నాకంటే 8 ఏండ్లు చిన్న. నేను 1972లో తాలూకా ఆఫీసులో ఎల్డీసీగా చేరినాను. నా జీతంతోనే వాడిని నాగర్‌కర్నూలులో చదివించినాను. లెక్కల్లో దిట్ట. 1979లో, వాడికి ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చినాడు. రేడియోలో వార్తలు చదివేవాళ్లు తన గురించే చెబుతున్నారని అన్నాడు. అన్నంలో మందు కలిపినారని తినడం మానేసినాడు. రాత్రిళ్లు దూలం కేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడేవాడు. అమ్మకు ఒక్కటే అనుమానం. ఆ ఏడు చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు పోయి వచ్చినాడు కదా, అడవిలో ఏదో గాలి సోకిందని. తాయెత్తులు కట్టించినాము, కోడిని కోసినాము, దర్గాకు తీసుకుపోయినాము. ఎవరినీ తప్పు పట్టను. మాకు తెలిసినదంతా అంతే.

చివరకు మా ఆఫీసులో ఒక పెద్దమనిషి చెబితే అచ్చంపేట, కల్వకుర్తి మీదుగా బస్సులో పట్నం తీసుకుపోయి ఒక ఆసుపత్రిలో చూపించినాము. తెల్లటి చిన్న మాత్రలు ఇచ్చినారు. పేరు హాలోపెరిడాల్. రోజుకు మొత్తం 20 మిల్లీగ్రాములు. మూడో రోజుకు వాడు నిద్రపోయినాడు. ఐదో రోజు నాటికి ఇంటికి వచ్చి అన్నం అడిగి తిన్నాడు. అమ్మ ఏడ్చింది. ఆరో రోజు సాయంత్రం మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి నిలిచిపోయినాయి, నాలుక బయటకు వచ్చింది. ఇట్లా కావచ్చునని, దానికి విరుగుడు ఉంటుందని మాకు ఒక్కరూ చెప్పలేదు. దయ్యం ఇప్పుడు అసలు రూపం చూపిస్తున్నదని ఊరంతా అన్నారు. అమ్మ మాత్రలు తీసుకుపోయి బావిలో పారేసింది. మెడ సరి అయింది, కానీ నెల తిరగకుండా పాత జబ్బు తిరిగి వచ్చింది. దాదాపు ఏడాదిన్నర కాలం వాడు మాకు దక్కలేదు. అడవి దారి పట్టేవాడు, వెతికి తెచ్చేవాళ్లం.

రెండోసారి వేరొక పెద్ద డాక్టరు దగ్గరకు పోయినాము. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకొని, చీటీ వెనక బొమ్మ గీసి నాకు విషయమంతా చెప్పినాడు. అదే మాత్రను పావు మోతాదుకు తగ్గించి, మెడ పట్టేయకుండా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మరో చిన్న మాత్ర జోడించినాడు. అప్పటి నుంచి తమ్ముడు మాతోనే ఉన్నాడు.

ఆ మాత్రను ఎవరు కనిపెట్టినారు, ఎందుకు కనిపెట్టినారు, మెడను ఎందుకు తిప్పింది అన్న ప్రశ్నలు నాలో అట్లాగే ఉండిపోయినాయి. రిటైరయినాక తీరిక దొరికింది. ఫార్మసీ చదివిన మా మనుమడు పుస్తకాలు తెచ్చి ఇచ్చినాడు, అర్థం కానివి చెప్పినాడు. అట్లా ఈ డాక్టరు నాకు పరిచయమైనాడు.

పాల్ జాన్సెన్ 1926 సెప్టెంబరు 12న బెల్జియంలోని టర్న్‌హౌట్ అనే పట్టణంలో పుట్టినాడు. వాళ్ల భాషలో ఆ ఇంటిపేరును యాన్సెన్ అని పలుకుతారు. మనకు జాన్సెన్ అనే అలవాటయింది కనుక అట్లాగే రాస్తాను. తండ్రి కాన్‌స్టాంట్ జాన్సెన్ కూడా డాక్టరే. రోగులను చూస్తూనే, హంగేరీ దేశపు రిక్టర్ కంపెనీ మందులను బెల్జియంలో అమ్మే హక్కు సంపాదించి 1934లో ఒక కంపెనీ పెట్టినాడు. అంటే వేరేవాళ్ల మందులు తెప్పించి అమ్మే వ్యాపారం. కొడుకుకు అది నచ్చలేదు. మందులు అమ్మడం కాదు, కొత్త మందులు తయారు చేయాలని వాడి పట్టు.

రెండో ప్రపంచ యుద్ధ కాలం. బెల్జియం జర్మన్ల చేతిలో ఉన్నది. ఆ రోజుల్లోనే నామూర్ పట్టణంలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినాడు. తర్వాత లూవెన్, ఘెంట్ విశ్వవిద్యాలయాల్లో వైద్యం చదివి 1951లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. మధ్యలో 1948లో అమెరికా పోయి అక్కడి మందుల కంపెనీలను, పరిశోధనశాలలను తిరిగి చూసి వచ్చినాడు. చదరంగంలో మహా నేర్పరి. ఆ ప్రయాణంలో న్యూయార్కులో పందెపు ఆటలు గెలిచి దారి ఖర్చులు వెళ్లదీసినాడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఘెంట్‌లో నోబెల్ బహుమతి గ్రహీత హేమన్స్ గారి సంస్థలో కూడా కొంతకాలం పనిచేసినాడు.

1953లో తండ్రి దగ్గర 50,000 బెల్జియం ఫ్రాంకులు అప్పు తీసుకొని, ఆ కంపెనీ భవనంలోనే పై అంతస్తులో చిన్న పరిశోధనశాల పెట్టినాడు. అప్పటికి వయసు 27. ఖరీదైన పరికరాలు లేవు. అందుకని తేలికగా, చౌకగా తయారు చేయగల చిన్న రసాయనాలను ఎన్నుకొని, వాటికి ఇక్కడ ఒక అణువు చేర్చి, అక్కడ ఒకటి తీసి, ఒక్కొక్క కొత్త పదార్థాన్నీ ఎలుకల మీద పరీక్షించేవాడు. ప్రతి పదార్థానికీ వరుస నంబరు. ముందు ఆర్ అనే అక్షరం, వెనక నంబరు. మన ఇన్‌వర్డు రిజిస్టరులో తపాలుకు నంబరు వేసినట్టే. పనికి రానిది కూడా నంబరు లేకుండా పోకూడదు. ఈ ఒక్క విషయం చదివినప్పుడే నాకు ఈయన మీద గౌరవం కలిగింది. రిజిస్టరు సరిగా రాసేవాడు ఏ పనిలోనైనా పైకి వస్తాడని నా నమ్మకం. నా తోటివాళ్లు ఈ మాటకు నవ్వేవాళ్లు. 1955 నాటికే ఆర్ 5 నంబరు పదార్థం ఆడవాళ్ల నెలసరి నొప్పులకు మందుగా బజారుకు వచ్చి పరిశోధనశాలకు నాలుగు డబ్బులు తెచ్చింది.

ఇక అసలు కథ. అప్పటిదాకా మనసు చెదిరినవాళ్లకు వైద్యమంటే తాళం వేసిన గది, చన్నీళ్ల తొట్టి, ఇన్సులిన్‌తో స్పృహ తప్పించడం, కరెంటు షాకు. మన సర్పగంధ వేరు వాడకం ఈ దేశపు వైద్యులకు తెలుసు. 1931లో కలకత్తాకు చెందిన సేన్, బోస్ అనే డాక్టర్లు దాని గురించి పత్రికలో రాసినారు కూడా. దాన్నుంచి తీసిన రిసర్పిన్ 1950 దశకంలో పడమటి దేశాల పిచ్చాసుపత్రులకు చేరింది. ఫ్రాన్సులో 1950 డిసెంబరులో క్లోర్‌ప్రొమాజిన్ తయారైంది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు దానిని మానసిక రోగులకు ఇచ్చి చూసినారు. అరుపులతో దద్దరిల్లే వార్డులు నిశ్శబ్దమైనాయి. మన హైదరాబాదు రాజ్యపు మానసిక ఆసుపత్రి కూడా జాల్నా నుంచి ఎర్రగడ్డకు మారింది 1953లోనే, అంటే ఈ కొత్త మందుల కాలం మొదలవుతుండగానే.

జాన్సెన్ వెతుకుతున్నది నిజానికి నొప్పి తగ్గించే మందు కోసం. పెథిడిన్ అనే నొప్పి మందును మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ వరుసలో కొన్ని పదార్థాలు ఇచ్చిన ఎలుకలు వింతగా ప్రవర్తించినాయి. ముందు నొప్పి మందు తీసుకున్నట్టు ఉండి, కొంతసేపటికి క్లోర్‌ప్రొమాజిన్ తీసుకున్నట్టు శాంతించి కదలకుండా కూర్చున్నాయి. ఇంకొకరైతే తాను వెతికేది ఇది కాదని నంబరు వేసి పక్కన పెట్టేవారు. ఈయన పట్టుకున్నాడు. నొప్పి గుణం తీసేసి శాంతపరిచే గుణం మాత్రం మిగిలేటట్టు వరుసగా మార్పించుకుంటూ పోయినాడు. 1958 ఫిబ్రవరి 11న ఆయన సహచరుడు బెర్ట్ హెర్మన్స్ ఆర్ 1625 తయారు చేసినాడు. అదే హాలోపెరిడాల్.

ఇందులో సైకిల్ పందేల కథ ఒకటి ఉన్నది. బెల్జియంలో సైకిల్ పందెం అంటే మనకు క్రికెట్ వంటిది. అలుపు తెలియకుండా ఉండడానికి కొందరు ఆటగాళ్లు యాంఫిటమిన్ మాత్రలు మింగేవాళ్లు. మోతాదు మించితే చేసిన పనే చేస్తూ, ఎవరో తమను వెంబడిస్తున్నారని భయపడేవాళ్లు. ఈ లక్షణాలు స్కిజోఫ్రీనియా రోగి లక్షణాలకు దగ్గరగా ఉన్నాయని జాన్సెన్ గమనించినాడు. యాంఫిటమిన్ ఇచ్చిన జంతువును ఏ మందు శాంతపరుస్తుందో, ఆ మందు ఈ రోగికీ పనికి రావాలి కదా అని తర్కించినాడు. హాలోపెరిడాల్ ఆ పరీక్షలో క్లోర్‌ప్రొమాజిన్ కంటే ఎన్నో రెట్లు బలమైనదిగా తేలింది. ఆ ఏడాదే లియేజ్ నగరంలోని మానసిక వైద్యులు రోగులకు ఇచ్చి చూసినారు. 1959లో బెల్జియంలో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో మాత్రం 1967 దాకా అనుమతి రాలేదు. ఆ దేశపు ఫైళ్లు కూడా మన ఫైళ్ల లాగే నడుస్తాయని చదివి కాస్త ఊరట కలిగింది.

ఒక విచిత్రం చూడండి. ఈ మందు మెదడులో ఏం చేస్తుందో దాన్ని తయారు చేసినవాళ్లకు కూడా అప్పుడు తెలియదు. అది తెలిసింది స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్ వల్ల. ఆయన 1957లో కుందేళ్లకు మన రిసర్పిన్ ఇచ్చినాడు. అవి బొమ్మల్లాగా బిగుసుకుపోయినాయి. ఎల్-డోపా అనే పదార్థం ఇవ్వగానే లేచి తిరిగినాయి. ఎల్-డోపా నుంచి మెదడులో డోపమైన్ తయారవుతుంది. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి వాడే పదార్థాల్లో డోపమైన్ ఒకటని అట్లా బయటపడింది. 1963లో ఆయనే లిండ్‌క్విస్ట్‌తో కలిసి, క్లోర్‌ప్రొమాజిన్, హాలోపెరిడాల్ రెండూ ఆ కబురు అందే చోటును మూసివేస్తున్నాయన్న అభిప్రాయానికి వచ్చినాడు. 2000లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

మన ఆఫీసు భాషలో చెబుతాను. డోపమైన్ తపాలు. అందుకునే కణం మీద ఇన్‌వర్డు కిటికీ ఉంటుంది. ఆ జబ్బులో కొన్ని చోట్ల తపాలు విపరీతంగా వచ్చి పడుతుంది, ప్రతి చిత్తు కాగితం మీదా అర్జెంటు అని ఉంటుంది. అందుకే రేడియోలో ఎవరో మాట్లాడితే అది తన కోసమే అనిపిస్తుంది. మందు పోయి కిటికీలో కూర్చుంటుంది. తపాలు తీసుకోదు, ఇంకొకరిని తీసుకోనివ్వదు. గోల తగ్గుతుంది. అయితే చేతులు, కాళ్లు, మెడ సాఫీగా కదలడానికి కూడా మెదడులో మరొక చోట ఇదే డోపమైన్, ఇవే కిటికీలు. మందుకు ఈ కిటికీ వేరు, ఆ కిటికీ వేరు అని తెలియదు. అన్నీ మూస్తే నడక బిగుసుకుపోతుంది, చేయి వణుకుతుంది, మెడ తిరుగుతుంది. పార్కిన్సన్ రోగంలో డోపమైన్ లేక వచ్చే కష్టమే ఇక్కడ మందు వల్ల వస్తుంది. మా తమ్ముడి మెడ తిప్పిన దయ్యం ఇదే. ఇది తెలుసుకునే నాటికి మా అమ్మ లేదు.

ఈ మందులే తర్వాత పరిశోధనకు పనిముట్లు కూడా అయినాయి. కిటికీ ఎక్కడున్నదో కంటికి కనబడదు కానీ, అందులో కూర్చునే మందుకు రేడియోధార్మిక గుర్తు పెడితే అది ఎక్కడ చేరిందో కొలవవచ్చు. కెనడాలో ఫిలిప్ సీమన్ అనే శాస్త్రజ్ఞుడు 1975లో అట్లా గుర్తు పెట్టిన హాలోపెరిడాల్‌తోనే డోపమైన్ అందే చోటును పట్టుకున్నాడు. ఏ మందు ఎంత గట్టిగా అక్కడ అంటుకుంటుందో, రోగికి దాని మోతాదు అంత తక్కువ సరిపోతుందని కూడా తేలింది. 1980 దశకంలో స్వీడన్‌లో బతికి ఉన్న రోగుల మెదడునే ప్రత్యేక యంత్రాలతో ఫోటో తీసి చూసినారు. తర్వాత జరిగిన పరిశీలనలన్నీ కలిపితే వచ్చిన లెక్క ఇది. నూటికి సుమారు 65 కిటికీలు మూతపడితే జబ్బు తగ్గుముఖం పడుతుంది, 80 దాటితే బిగుసుకుపోవడం, వణుకు మొదలవుతాయి. ఆ మధ్య సందు చాలా చిన్నది. చాలామందికి రోజుకు రెండు మూడు మిల్లీగ్రాముల హాలోపెరిడాల్‌తోనే ఆ సందులోకి చేరవచ్చునట. మా తమ్ముడికి మొదట ఇచ్చినది 20. ఆ కాలంలో అందరికీ అట్లాగే ఇచ్చేవారు, లెక్క అప్పటికి ఇంకా తేలలేదు. ఆ సంగతి తెలిసినాక నా కోపం కొంత తగ్గింది. ముందే చెప్పలేదన్న కోపం మాత్రం తగ్గలేదు.

జాన్సెన్ జీవితానికి వస్తాను. 1957లో డోరా ఆర్ట్స్‌ను పెండ్లాడినాడు, ఐదుగురు పిల్లలు. పరిశోధనశాల టర్న్‌హౌట్ పక్కనే ఉన్న బీర్స్ గ్రామానికి మారి పెద్దదైంది. 1961లో అమెరికా కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్‌లో కలిసింది, అయినా పరిశోధన పగ్గాలు ఈయన చేతిలోనే ఉన్నాయి. అందరూ ఆయనను డాక్టర్ పాల్ అనే పిలిచేవారు. రోజూ ల్యాబులన్నీ తిరిగి, ప్రతి ఒక్కరినీ కొత్త సంగతి ఏమైనా ఉన్నదా అని అడగడం ఆయన అలవాటు. ఆఫీసర్లు గదిలో కూర్చొని గంట కొట్టి పిలిపించుకోవడమే చూసిన నాకు ఇది బాగా నచ్చింది.

ఆయన, ఆయన బృందం కలిసి 80 దాకా మందులు తెచ్చినారు. పిల్లలకు నులిపురుగులకు ఇచ్చే మెబెండజోల్, విరేచనాలు ఆపే లోపెరమైడ్, తామర వంటి వాటికి రాసే కీటోకొనజోల్, మైకొనజోల్ వీళ్లవే. ఆపరేషన్‌లో ఇచ్చే ఫెంటనిల్ కూడా వీళ్లదే. డ్రోపెరిడాల్ అనే మరో డోపమైన్ నిరోధకాన్ని ఫెంటనిల్‌తో కలిపి ఇస్తే రోగి నొప్పీ కంగారూ లేకుండా ఉండేవాడు. ఆ పద్ధతి ఆపరేషన్ గదుల్లో చాలాకాలం నడిచింది. చైనాలో షియాన్ నగరంలో 1985లో మందుల కంపెనీ పెట్టించినాడు. ఆ రోజుల్లో అది సాహసమే.

అయితే నాకు ముఖ్యమనిపించినది వేరు. హాలోపెరిడాల్‌తో పేరూ డబ్బూ వచ్చినాక కూడా ఈయన అక్కడ ఆగలేదు. తన మందే మనుషులను బిగదీస్తున్నదని తెలిసి, అంత బిగదీయనిది కావాలని ముప్పై ఏండ్లు వెతికించినాడు. పిమోజైడ్ వచ్చింది. వారానికి ఒక్కసారి మింగితే చాలుననే పెన్‌ఫ్లూరిడాల్ వచ్చింది. మాత్ర మింగనివాళ్లకు నెలకొకసారి ఇచ్చే హాలోపెరిడాల్ ఇంజక్షన్ వచ్చింది. డోపమైన్ కిటికీతో పాటు సెరొటోనిన్ అనే మరో కబురు కిటికీని కూడా మూసే మందు అయితే బిగింపు తక్కువ ఉంటుందని వాళ్ల పరిశోధనశాలలో తేలి, రిస్పెరిడోన్ తయారైంది. 1993 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మా తమ్ముడిని 2004లో దానికి మార్చినారు. నడకలో బిగువు చాలా తగ్గింది. ముఖంలో నవ్వు కనబడింది. ఒళ్లు మాత్రం వచ్చింది, తర్వాత షుగరూ వచ్చింది. పాత మందు మిగిల్చిన పెదవుల కదలిక ఒకటి పోలేదు. ఏదో నమిలినట్టు ఉంటుంది. పిల్లలు ఆకు వేసుకున్నాడా తాతయ్య అని అడుగుతుంటారు.

ఇంకొక మందు గురించి చెప్పాలి. ఇది మన వయసువాళ్లందరి ఇండ్లల్లో ఉండే సంగతి. వాంతి పుట్టించే సంకేతం అందే చోటు మెదడు అంచున, రక్తంలోని మందులు తేలికగా చేరగలిగే జాగాలో ఉంటుంది. అక్కడ కూడా డోపమైన్ కిటికీలే. అందుకే డోపమైన్‌ను ఆపే మందులు వాంతులనూ ఆపుతాయి. జాన్సెన్ ల్యాబులో వాంతి పుట్టించే అపోమార్ఫిన్ అనే మందును కుక్కలకు ఇచ్చి, ఏది దాన్ని ఆపుతుందో చూసేవారు. మెదడు లోపలికి పెద్దగా పోకుండా, ఈ అంచునా, కడుపులోనూ పనిచేసేది కావాలని 1974లో డోంపెరిడోన్ తయారు చేసినారు. గ్యాస్ మాత్రతో కలిపి మన డాక్టర్లు రాసేది ఇదే. దీని వల్ల చేతులు వణకడం అరుదు. కానీ గుండె లయ తప్పించే ప్రమాదం, ముఖ్యంగా 60 దాటినవాళ్లకు, ఉన్నదని 2014లో ఐరోపా మందుల సంస్థ మోతాదు తగ్గించి, వారం రోజులకు మించకుండా వాడమన్నది.

డోంపెరిడోన్‌కు ముందు నుంచి ఉన్నది మెటోక్లోప్రమైడ్. ఇది జాన్సెన్‌ది కాదు. ఇది మెదడులోకి పోతుంది. 2011లో మా ఇంటావిడకు అన్నం సయించక, వికారంగా ఉంటే ఒక డాక్టరు గారు వారానికి రాసిచ్చినారు. తగ్గింది. ఆ చీటీ పట్టుకొని మెడికల్ షాపులో నేను ఎనిమిది నెలలు కొంటూ పోయినాను. రాసినవారి తప్పు కాదు, వారం అన్న మాట చీటీలోనే ఉన్నది. ఫైల్లో పాత ఆర్డరు చూడకుండా నోటు పెట్టేవాళ్లను సర్వీసంతా తిట్టిన నేనే, ఆ చీటీని చదవలేదు. మెల్లగా ఆమె కుడిచేతి వేళ్లు పూస తిప్పినట్టు వణకసాగినాయి. అడుగు చిన్నదైంది. ముఖంలో కళ పోయింది. వయసు కదా, వణుకుడు రోగం అన్నారు బంధువులు. ఒక సాయంత్రం ఆమె వాకిట్లో చెంబు పట్టుకొని నడుస్తుంటే నాకు ముప్పై ఏండ్ల కిందటి తమ్ముడి నడక కనబడింది. లోపలికి పోయి ఆమె మాత్రలన్నీ మంచం మీద పోసి చూసినాను. మరునాడే వేరే డాక్టరుకు ఆ మాత్రల అట్ట చూపించినాము. ఆయన పరీక్షించి ఆ ఒక్కటి ఆపించినాడు. నాలుగు నెలలకు వణుకు పోయింది. మూడు నెలలకు మించి దీన్ని వాడవద్దని అమెరికాలో 2009లోనే పెట్టె మీద గట్టి హెచ్చరిక పెట్టించినారని తర్వాత తెలిసింది. ఐరోపాలో 2013లో ఐదు రోజులకే పరిమితం చేసినారు.

మందు మంచిదే అయినా ఎవరి చేతిలో ఉన్నదన్నది వేరే సంగతి. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని ప్రశ్నించినవాళ్లకు పిచ్చి అని ముద్ర వేసి, ఆసుపత్రుల్లో బంధించి, ఇదే హాలోపెరిడాల్ ఎక్కించినారు. లియోనిద్ ప్లియుష్చ్ అనే లెక్కల పండితుడిని 1973 నుంచి 1976 దాకా అట్లా ఉంచినారు. విరుగుడు ఇవ్వకపోతే ఈ మందు ఎంత హింస పెడుతుందో మా ఇంట్లో చూసినవాడిని కనుక ఆ పేజీ రెండోసారి చదవలేకపోయినాను. మతిమరుపు వచ్చిన వృద్ధులు రాత్రిళ్లు అల్లరి చేస్తున్నారని ఈ మందులు ఇచ్చి పడుకోబెట్టడం కూడా మామూలైపోయింది. అటువంటివారిలో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల శాఖ 2005లో కొత్త రకాలకు, 2008లో పాత రకాలకు హెచ్చరిక జారీ చేసింది. తప్పనిసరి అయితే ఇస్తారు, అది డాక్టరు నిర్ణయం. ఇంట్లోవాళ్లు మాత్రం ఎందుకు, ఎన్నాళ్లు అని అడగాలి.

డాక్టర్ పాల్ 1991లో కంపెనీ నుంచి రిటైరైనాడు. మనలాగా ఉదయం పార్కు, సాయంత్రం పేపరు అనుకోలేదు. 1995లో మళ్లీ ఒక చిన్న పరిశోధన కేంద్రం పెట్టి ఎయిడ్స్ మందుల కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బెల్జియం రాజు బారన్ బిరుదు ఇచ్చినాడు. రోమ్‌లోని పోప్ గారి శాస్త్ర పరిషత్తు సభ్యుడిగా తీసుకున్నది. ఆ పరిషత్తు 400 ఏండ్ల ఉత్సవానికి పోయి, 2003 నవంబరు 11న రోమ్‌లోనే కన్నుమూసినాడు. 77 ఏండ్లు. అంటే ఇప్పుడు నా కంటే రెండేండ్లు పెద్ద. 2005లో ఆ దేశపు డచ్చి భాషవాళ్లు తమలో అందరికంటే గొప్పవాడు ఎవరని టెలివిజన్ ద్వారా ఓటింగు పెడితే, కుష్టురోగులకు సేవ చేసిన ఫాదర్ డామియన్ మొదటి స్థానంలో, ఈయన రెండో స్థానంలో వచ్చినారు. సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్‌కు మూడో స్థానమే దక్కింది. సైకిల్ పందేలంటే ప్రాణం పెట్టే దేశంలో!

ఈ వ్యాసం రాస్తుండగా మనుమడు ఆయన ఫోటో ఒకటి ప్రింటు తీసి ఇచ్చినాడు. టై కట్టుకొని, కళ్లద్దాలతో, మన పాత డిప్యూటీ కలెక్టర్లలో ఒకరిలాగా ఉన్నాడు. తమ్ముడు మల్లె పాదుకు నీళ్లు పోసి వచ్చి, నా బల్ల మీద ఆ ఫోటో చూసి ఎవరని అడిగినాడు. నీ మాత్ర తయారు చేసిన డాక్టరు అన్నాను. చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసినాడు. బతికి ఉన్నాడా అని అడిగినాడు. 2003లోనే పోయినాడని చెప్పినాను. మరి ఇప్పుడు మాత్రలు ఎవరు చేస్తున్నారని కంగారు పడినాడు. మన దేశంలోనే చాలా కంపెనీలు చేస్తున్నాయి, ఏమీ భయం లేదని చెప్పినాను. అట్లయితే సరేనని ఫోటోను నా కాగితాల కింద జాగ్రత్తగా పెట్టి, బిందె తీసుకొని మళ్లీ పెరట్లోకి పోయినాడు.